బుర్రకథ పెద్దాయన పుస్తకాన్ని జనంలోకి తీసుకుపోవడం గురించి

నెల్లూరు

ఒరే అబ్బాయా,

నీ ఉత్తరం అందింది. పెద్దాయన జీవితచరిత్ర ప్రెస్సుకి పోయిందంటే ఎంత సంతోషమేసిందో! బుర్రకథ చెప్పేవాళ్ళ బతుకులు అచ్చులోకి రావడమే అరుదు గదా. అయితే పుస్తకం చదువుతా, మధ్యలో బుర్రకథ చెప్పిస్తా సభ ఎట్టా పెట్టాలని అడిగావు కాబట్టి గట్టిగానే చెప్తా. ఎనిమిది మంది వక్తల్ని ఎక్కించి, ఆఖర్న "ఇప్పుడు కాసేపు బుర్రకథ" అనే పద్ధతి మాత్రం వద్దురా. తంబుర భుజానికెక్కే సరికి సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. ముందు డక్కీ, అదే కథకుడి పక్కన వంత పాడేవాళ్ళు (వంతలు) వాయించే చిన్న డోలు, మోగాలి. ముఖ్య అతిథి ఒక్కరు చాలు, ఐదు నిమిషాలు, అదీ మధ్యలో. పెద్దాయన్ని రెండు గంటలు వేదిక మీద కూర్చోబెట్టి అలసట పెట్టొద్దు. ముందు వరసలో చేతుల కుర్చీ వేయించు, శాలువా అక్కడికే తెచ్చి కప్పండి.

మొత్తం గంటన్నర దాటొద్దు. ఆరున్నరకి మొదలైతే ఎనిమిదింటికి అయిపోవాల. ఆత్మకూరు, ఉదయగిరి వైపు పోయేవాళ్ళ మనసంతా బస్సు మీదే ఉంటుంది. ఊళ్ళో ఆరుబయట పెట్టుకున్నా సరే, మైకు అనుమతికి పోలీసు స్టేషన్లో ముందుగా అర్జీ ఇచ్చుకో. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకరుకి ఒప్పుకోరు.

చదవడం సంగతికొస్తాను. గట్టిగా, తాపీగా చదివితే పుస్తకంలో ఒక పేజీకి రెండు నిమిషాలు పడుతుంది. నాలుగు ముక్కలు ఏరుకో, ఒక్కోటి రెండు పేజీలకి మించకుండా. అచ్చుపుస్తకం చేతిలో పట్టుకుని చదవొద్దు. ఆ ముక్కల్ని పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీయించి, వాక్యం మధ్యలో కాగితం తిప్పాల్సిన పని లేకుండా సర్దుకో. చెవికి తగ్గట్టు దిద్దుకోవడం కూడా అవసరం. 1943లో ప్రజానాట్యమండలి పుట్టడం, పొన్నెకల్లు నాజర్ గారు బుర్రకథని ఊరూరా మోగించడం, ఆయనకి 1986లో పద్మశ్రీ రావడం, ఇవన్నీ పుస్తకంలో ఉండాల్సినవే. కానీ ఇన్ని సంగతులు, సంవత్సరాలు వరసగా వినబడితే వినేవాడు తప్పిపోతాడు. ఒక్కటి ఉంచి తక్కినవి వదిలెయ్. "ఆయన", "అతను" అని రాసినచోట పేరే చదువు, లేకపోతే ఎవరి మాట చెప్తున్నావో తెలియదు. పెద్దాయన సొంత మాటలున్న చోట నువ్వు చదవొద్దు, ఆయన శిష్యుల్లో ఒకరి చేత చెప్పించు. ఆ యాస నీ గొంతులో పలకదు.

ఇంక పుస్తకానికీ కథకీ అతుకు ఎక్కడ పడాలో చెప్తా, అసలు పనితనమంతా అక్కడే ఉంది. పెద్దాయన చిన్నప్పుడు చేతి వేళ్ళకి తొడుక్కునే అందెల మోత, అడుగు కలిపి నేర్చుకున్న ఘట్టం చదివావనుకో. ఆ ఆఖరి వాక్యం అవగానే మాటల్లేకుండా అందెలూ అడుగులూ మాత్రమే ఒక నిమిషం వినిపించాలి. ఆ తర్వాత డక్కీలు అందుకోవాలి, ఆ పైన వంతల "తందాన తాన". ఇప్పుడే చదివినదాన్ని జనం కళ్ళారా చూస్తారు. మధ్యలో "ఇప్పుడు ఒక పాట విందాం" అన్నావా, ఆ పట్టు తెగిపోతుంది. ప్రతి ముక్కలో చివరి వాక్యం కింద ఎర్రగీత గీసి, అదే కాగితం వంతలకి కూడా ఇవ్వు. చదవడం రానివాళ్ళుంటే ఆ వాక్యం నోటికి చెప్పించు. మైకులతో సహా ఒక్కసారన్నా మొత్తం నడిపి చూసుకోవాలి.

మూడు గంటల కథని పది నిమిషాలకి కోయమని బుర్రకథ దళాన్ని అడగొద్దు. పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడు కదనానికి బయల్దేరే ఘట్టమే తీసుకో. దానికి ముందు జరిగింది నాలుగు మాటల్లో చెప్పుకోనివ్వకపోతే, వీరరసం ఉత్త కేకలుగా మిగిలిపోతుంది. ఏ ఘట్టం ఎంతసేపో వాళ్ళనే తేల్చమను. నువ్వు అడగాల్సింది ఒక్కటే, అది ఒంటిగా నిలబడే ఘట్టమా కాదా అని. టైము చాలదని హాస్యం వంత మాటలు కత్తిరించొద్దు. కథకుడికి ఊపిరి తీసుకునే సందు అదే. రాజకీయం చెప్పే వంతకి పుస్తకం ముందే ఇచ్చి చదివించు. వర్తమానం మీద వ్యాఖ్యానం చెయ్యడం ఎట్టాగూ ఆయన పనే. పుస్తకం మాట ఆయన నోట వస్తే జనం వింటారు, ప్రచురణకర్త చెప్తే ప్రకటన అనుకుంటారు.

మైకుల దగ్గరే ఎక్కువగా చెడుతుంది. కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులేస్తా ఉంటాడు, స్టాండు మైకు పెడితే సగం మాటలు గాల్లో కలుస్తాయి. కాలరు మైకు కావాల, అదీ తంబుర లేని భుజం వైపు పెట్టించు, లేదంటే తంబుర రాసుకుని గరగరమంటుంది. వంతలిద్దరికీ గొంతుకొకటి, డక్కీకొకటి. డక్కీ మైకు నడుం ఎత్తులో, జానెడు దూరంలో ఉండాలి, మరీ దగ్గరైతే దెబ్బ పగిలినట్టు వినపడుతుంది. నీకు వేదిక మీద రెండో పక్కన బల్ల, చిన్న లైటు, వేరే మైకు. నీ మైకుకి ఎకో పూర్తిగా తీసెయ్యమని సౌండ్ బాక్సు అబ్బాయికి మరీ మరీ చెప్పు. పాటకి ఎకో బాగుంటుందని వాళ్ళు తగిలించి వదిలేస్తారు. చదివేటప్పుడు ఒక మాట తోక ఇంకో మాట మీద పడి ఏమీ అర్థం కాదు. బాక్సులు మైకుల కన్నా ముందుండాలి, వెనకుంటే కూత పెడతాయి.

మన సముద్రపు గాలికి డక్కీ తోలు సడలుతుంది. మొదలయ్యే ముందు వెచ్చ చేసుకోవడానికి వేదిక వెనక కాస్త జాగా, నిప్పు చూపించు. హాల్లో నిప్పు వద్దంటారు కాబట్టి ఆవరణలో చోటు ముందే అడిగి పెట్టుకో. నువ్వు చదివే ఆ నాలుగు నిమిషాల్లో తంబుర శ్రుతి చూసుకోవచ్చని వాళ్ళు అనుకుంటారు. ఆ టింగుమనే చప్పుడు నీ మైకులో పడుతుంది. శ్రుతి ముందే కలిపేసుకోమను.

తేదీల మాట. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు, ఆరుబయట పెట్టుకోవద్దు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు గాబట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో లైబ్రరీ హాల్లో ఒకటి పెట్టుకో, అక్కడ చదివేది ఎక్కువ, కథ తక్కువ. ప్రకాశం పొగాకు ఊళ్ళకి సంక్రాంతి తర్వాత పోవద్దు, ఆకు కాల్చే, అంటే వేడి పెట్టి ఆరబెట్టే, రోజుల్లో రాత్రిళ్ళు జనం ఆ కొట్ల (బ్యారన్ల) దగ్గరే ఉంటారు. ఉగాది దాటాక, తిరునాళ్ళప్పుడు పో. అక్కడ కథ ఎక్కువ, చదివేది రెండు ముక్కలే.

డబ్బుల విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. దళానికి ఇచ్చేది ఎంతో ముందే మాట్లాడుకుని, వేదిక ఎక్కకముందే కవర్లో పెట్టి చేతికివ్వు. అన్నం, బండి ఖర్చు దానికి పైన. పుస్తకాల షాపుకి ఎట్టాగూ కమిషన్ ఇస్తావు గదా, అదే కమిషన్ మీద దళానికి ప్రతులివ్వు. వాళ్ళు కథకి పోయిన ఊరల్లా నీ పుస్తకం పోతుంది. ధర 200 పెట్టు, 195 అయితే చిల్లర కోసం వరస ఆగిపోతుంది. ఫోన్‌పే కాగితం అతికించినా సిగ్నలు లేని ఊళ్ళుంటాయి, వంద నోట్లు దగ్గర పెట్టుకో. అమ్మే బల్ల బయటికి పోయే దారిలో ఉండాలి, మంగళం పాడకముందే అక్కడ ఇద్దరు మనుషులు కూర్చుని ఉండాలి.

ప్రూఫులు దిద్దడం అయిపోతే నాకో కాపీ పంపు. చదవాల్సిన నాలుగు ముక్కలూ పెన్సిలుతో గుర్తు పెట్టి వెంటనే తిప్పి పంపిస్తా. పెద్దాయన్ని అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు