మోకాలికి ఆ పట్టీ ఏందబ్బయా?

నెల్లూరు,
ఆదివారం

చి॥ శీనుకు అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ, కోడలూ, బుజ్జోడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే నువ్వు కార్లో అన్నా ఉంటావు, మీటింగులో అన్నా ఉంటావు. అందుకని కాగితం మీద రాసి, పక్కింటి పాపతో ఫోటో తీయించి పంపిస్తున్నా. తీరిగ్గా చదువుకో. పెద్ద విశేషాలేం లేవు. ఎండలు ఇంకా తగ్గలా. మామిడిపళ్లు అయిపోయినై. మీ మామయ్య పొదలకూరు నుంచి నిమ్మకాయలు పంపిస్తే సగం ఊరేసి, సగం వీధిలో పంచా. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు పోయినా. స్వర్ణాల చెరువులో ఆ జనంలో తోసుకుని పోయి ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. ఎవరి కోసమని అడగమాక.

అన్నట్టు, బుజ్జోణ్ణి మీ అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలో, ఏదో అడవిలో సెలవుల క్యాంపులో దించి వచ్చినారంట గదా. కావలి అత్త చెప్పింది. ఆమెకు సుజాత చెప్పిందంట. ఊరంతా తిరిగి మా ఇంటికొచ్చేసరికి వారమైంది. నేనేం అనుకోలేదులే. సెలవులకు ఇక్కడికే వస్తాడు గదా అని మేడమీద గదికి రంగులేయించి, ఏసీ సర్వీసు చేయించా, అంతే. అవి ఎప్పటికైనా చేయించాల్సినవే.

సుజాత ఒక ఫోటో పంపించింది, క్యాంపు వాళ్లు పెట్టిందంట. చెరువులోకి చెక్కల వంతెన, దాని మీద పిల్లకాయలంతా కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. చివర్న మనోడు. అందరూ నవ్వుతున్నారు, వీడు పక్కకు చూస్తున్నాడు. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. పెద్దది చేసి చూస్తే బొమ్మ మసకైపోతుంది. రాత్రిళ్లు ఏడుస్తున్నాడని కూడా సుజాత అత్తతో అన్నదంట. అత్త సంగతి నీకు తెలుసు, చీమను చెప్తే ఏనుగు చేస్తుంది. కానీ పట్టీ నా కళ్లతో నేను చూశా గదా.

మీ నాయన మాత్రం నీ పక్షమే. ఫోన్లో ఏందేందో చదివి నాకు పాఠం చెప్తున్నాడు. అమెరికాలో ఈ క్యాంపులు ఇయాల్టివి కాదంట. 1861లోనే కనెక్టికట్‌లో గన్ అనే హెడ్ మాస్టరు తన బళ్లో పిల్లల్ని తీసకపోయి, సముద్రం ఒడ్డున గుడారాలేసి రెండు వారాలు ఉంచినాడంట. మెయిన్‌లో వందేళ్లు దాటిన క్యాంపులు బోలెడున్నాయంట. ఉంటే ఉండనీ. ఆ హెడ్ మాస్టరు పిల్లలతోబాటు తను కూడా ఉన్నాడు గదా? మీ క్యాంపులో చూసుకునే వాళ్లంతా కాలేజీ పిల్లకాయలే అని సుజాత అంటోంది. నిజమేనా?

నువ్వు ఎనిమిదో తరగతిలో స్కౌట్స్ క్యాంపని పెంచలకోన పోయినావు, గుర్తుందా? నువ్వు పోయిన మూడో రోజుకు నాకు అన్నం సయించలా. అప్పుడు ఫోనా పాడా. మీ నాయనను పొద్దున ఫస్టు బస్సుకు తోలా. నువ్వులుండల డబ్బా, దుప్పటి, జిందా తిలిస్మాత్ సీసా ఇచ్చి పంపించా. పొదలకూరు దాటినాక బస్సు చెడిపోయింది. రాపూరులో దిగి, ఆడనుంచి జీపు వెనక వేలాడుతూ పోయినాడు. తీరా పోతే నువ్వు వాగు దగ్గర గొంతుక్కూర్చుని ఇసకతో ప్లేటు తోముకుంటున్నావంట. ఇంట్లో తిన్న కంచం తియ్యని వాడివి! ఈయన కేకేయబోతే మీ స్కౌట్ మాస్టరు చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకు లాక్కుపోయినాడంట. "సార్, రెండు రాత్రులు ఏడ్చినాడు, ఇయాళే కాస్త తేరుకున్నాడు. మిమ్మల్ని చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. కనపడకుండా వెళ్లిపోండి" అన్నాడంట. ఏం చేస్తాడు, సాయంత్రం బస్సు దాకా నరసింహస్వామి గుడి మెట్ల మీద కూర్చున్నాడు. డబ్బా కోతులు లాక్కుపోయినై. మూత మాత్రం చేతిలో మిగిలింది. ఇంటికొచ్చి "అబ్బయ్య తిన్నాడు, బాగున్నాయన్నాడు" అని నాకు చెప్పినాడు! డబ్బా ఏదంటే మాస్టరు దగ్గరుందన్నాడు. మీ చెల్లెలి పెళ్లిలో బాబాయి వాళ్ల ముందర నోరు జారేదాకా నాకు సంగతే తెలియదు. అది మా పుట్టింటి ఇత్తడి డబ్బా.

నువ్వు తిరిగొచ్చి పెరట్లో దండేనికి క్లోవ్ హిచ్ అని ఏదో ముడి కట్టినావు. తాడు పుచ్చి తెగిందిగానీ ఆ ముడి జారలా.

ఈ కథ చెప్పి మీ నాయన "చూసినావా, వాడికేమైంది?" అంటాడు. నేను చెప్పేది వేరే. పెంచలకోనకైతే పొద్దున బస్సెక్కి పోయి చూసొచ్చే మనిషి ఉన్నాడు. మెయిన్‌కు ఎవరు పోతారు?

నేను సలహాలు చెప్పదలుచుకోలా. పెద్దవాడివి, నీకు తెలుసు. అయితే పిడుదుల సంగతి ఒక్కటి విను, ఇది మీ మామయ్య చెప్పింది. పశువుల డాక్టరుకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మన గేదెలకు పట్టే పిడుదులాంటిదే అక్కడి గడ్డిలో, పొదల్లో ఉంటుందంట, ఇంకా చిన్నది. లైమ్ అనే జబ్బు తెస్తుందంట. అది సామాన్యంగా ఒక రోజు పైగా కరుచుకుని ఉంటేగానీ జబ్బు అంటదు గాబట్టి, రోజూ రాత్రి చెవుల వెనక, చంకల్లో, నడుం దగ్గర, మోకాళ్ల వెనక, జుట్టులో చూసుకోవాలి. ఉంటే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నేరుగా పైకి లాగాలి. మనవాళ్ల మాదిరి కిరసనాయిలు, నూనె పుయ్యకూడదు. చుట్టూ ఎర్రగా వలయం మాదిరి లేస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. బుజ్జోడికి ఇవన్నీ చెప్పి పంపినావా? వాడు తల దువ్వుకోవడమే గగనం, చెవి వెనక ఏం చూసుకుంటాడు? ఆ పట్టీ కింద ఉన్నది దెబ్బేనా, ఇంకేదన్నానా?

నీళ్ల దగ్గర కాస్త ధైర్యంగానే ఉంది. ముందు ఈత పరీక్ష పెట్టి, తర్వాత ఇద్దరిద్దరిని జతగా దింపుతారంట. విజిలేస్తే జతగాడి చెయ్యి పట్టుకుని పైకెత్తాలంట. బాగుంది. వాడి జతగాడెవరు? పోయినేడు మైపాడులో అల చూసి మీ నాయన పంచె పట్టుకుని వదల్లేదు.

వాడికి శెనక్కాయ చిక్కీ పంపుదామనుకుంటే తిండి తీసుకోరంట, శెనక్కాయలైతే అసలే కుదరదంట. పడని పిల్లలుంటే ప్రాణాల మీదికొస్తుందని. అది న్యాయమే. ఉత్తరాలు మాత్రం పోతాయంట గదా. మధ్యాన్నం అన్నాలయ్యాక పడుకోబెట్టి ఇంటికి ఉత్తరాలు కూడా రాయిస్తారంట. మరి వాడు రాసినవి మాకు చదివి వినిపించడానికి నీకేం అడ్డం?

అడ్రసు పంపించు. పోయినేడు నేర్పించిన అక్షరాలు మర్చిపోయుంటాడు, పెద్దపెద్దగా విడివిడిగా రాస్తా. ఇక్కణ్ణుంచి పోస్టులో పోయేసరికి క్యాంపు అయిపోతుందంటావా, అయితే నేను రాసింది ఫోటో తీసి పంపిస్తా, నువ్వు కాగితం మీద తీయించి వాళ్లకు పంపు. పనుందని చెప్పమాక.

కోడల్ని ఏం అనమాక, ఆ పిల్లకూ బెంగగానే ఉంటుంది. నువ్వు వేళకు తిను. పోయిన వీడియో కాల్‌లో నీ మెడ ఎముకలు కనపడ్డాయి.

వచ్చే ఆదివారం మాకు సాయంత్రం ఏడున్నరకు, మీకు పొద్దున పదింటికి ఫోన్ చేస్తా, ఎత్తు. మీ నాయన ఫోన్‌కు చేసి "అమ్మకు చెప్పు" అంటే ఒప్పుకోను, ఆయన చెప్పే కబుర్లు నేను నమ్మను. ముందు ఆ మోకాలి సంగతి కనుక్కుని ఉంచు.

ఇట్లు,
మీ అమ్మ

మళ్లీ రాసేది: సుజాత చెప్పిందని సుజాతతో అనమాక.