ఆర్డర్లు తెగకుండా చూడండి

సంపాదకులకు,

2025-26లో రక్షణ బడ్జెట్ రూ.6.81 లక్షల కోట్లని అందరూ పతాక శీర్షికల్లో వేశారు. సంతోషమే. చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో లేత్‌లు పెట్టుకుని సైనిక వాహనాలకు బుష్‌లు, పిన్నులు చేసే నాలాంటివాళ్లకు మాత్రం ఆర్డరు ఎప్పుడొస్తుందన్నదే లెక్క.

2021 అక్టోబర్ 1న 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలు చేశారు. ఇక్కడి ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీ, మన తెలంగాణలోని ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఒకే కంపెనీ కిందికొచ్చాయి. సైన్యం నేరుగా పంపే ఇండెంట్లు (సరఫరా కోరే పత్రాలు) పోయి ఒప్పందాలొచ్చాయి. పోటీ ఉండాల్సిందే, కాదనను. కానీ 118 అర్జున్ ట్యాంకులకు రూ.7,523 కోట్ల ఆర్డరిచ్చి, ఆ తర్వాత ఏంటో చెప్పకపోతే కింద ఉన్న మేమేం కావాలి? విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు 2023లో అయిదు నౌకల ఆర్డరు దక్కింది. అక్కడి చిన్న వర్క్‌షాపులకూ రేపు ఇదే ప్రశ్న.

నా షెడ్డులో ఆ ఆర్డర్ల కోసం కొన్న అల్లాయ్ స్టీల్ రాడ్లు గోడకు ఆనించి ఉన్నాయి, చివర కొట్టిన పచ్చరంగు కూడా చెదరలేదు. ఆ సైజు కార్ల పనికి రాదు. తుక్కుకేస్తే కొన్న ధరలో సగం కూడా రాదు. బ్యాంకు వడ్డీ మాత్రం నెలనెలా టంచనుగా పడుతుంది. యంత్రాలు సెట్ చేయడంలో చెయ్యి తిరిగిన కుర్రాడు కార్ల ఫ్యాక్టరీలున్న శ్రీపెరంబుదూరు వెళ్లిపోయాడు. వాణ్ణి తప్పుపట్టను.

చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం. మాకు పనిచ్చే కాంట్రాక్టరు మాత్రం తనిఖీ ముద్ర పడ్డాకే రోజులు లెక్కపెడతాడు. ఆ ముద్ర ఎప్పుడు పడుతుందో దేవుడికెరుక!

అయిదేళ్ల కొనుగోలు ప్రణాళికను, విడిభాగాల అంచనాతో సహా, రక్షణ శాఖ ముందే ప్రకటించాలి. తనిఖీకి గడువు పెట్టాలి.

— ఒక వర్క్‌షాప్ యజమాని, అంబత్తూరు, చెన్నై