పేరు తరవాత పెడదాం

అమ్మలూ,

నువ్వు పంపిన స్లైడు ఫోటో పెద్దది చేసి చూశాను. ఐదు గదుల కొనిడియా, అదే బూజు విత్తులు. నడుమ మూడు గదులకీ రంగుంది, అందులోనూ పై రెండూ ముదురు. చివరి గదులు రెండింటికీ రంగు లేదు. నెత్తిన మూడు పోగులు, కింద ఒక తోక, అచ్చం రొయ్య మీసాల్లాగే. ఈ బూజు నియోపెస్టలోషియాప్సిస్ ప్రజాతిదని నువ్వన్నది ఒప్పుకుంటాను. "బ్లూబెర్రీ ఆకుల మీద కొత్త తెగులు, బహుశా కొత్త జాతి" అన్నావే, ఆ రెండూ మాత్రం ఇప్పుడే ఒప్పుకోను.

కోనసీమ వాళ్లకి ఈ బూజు వంశం పరాయిది కాదు. మన కొబ్బరి మట్టల మీద బూడిదరంగు మచ్చలు వేసేది దీని దాయాదే, పెస్టలోషియాప్సిస్ పామారం. పొటాష్ చాలని చెట్ల మీద, ముందు అడుగు మట్టల మీద కనిపిస్తుంది. నీరసించిన చెట్టుని పట్టే నీరసపు బూజు అనేవాళ్లం. చావబోతున్న ఏ ఆకుముక్కని పీడీఏ ప్లేటులో (బూజు పెంచే బంగాళదుంప జెల్లీ) పెట్టినా తెల్లగా దూదిలా లేచి, మీద నల్లటి సిరాచుక్కలు పెట్టేది. విసుగొచ్చి ప్లేటు పారేసేవాళ్లూ ఉండేవారు.

మీ ఫ్లోరిడాలో స్ట్రాబెర్రీకి జరిగింది చూడు. పెస్టలోషియా వల్ల పండు కుళ్లుతోందని 1970ల్లోనే అక్కడ రాశారు, కానీ తరవాత అది పెద్ద బెడద కాలేదు. 2017లో తోటల్లో ఆకులు మచ్చలు పడి మాడిపోయి, పళ్లు కుళ్లడం మొదలయ్యాక సంగతి మారింది. రెండేళ్లు తిరిగేసరికి చాలా తోటలకి పాకింది. నర్సరీ నారుతో వచ్చిందన్నది అక్కడివాళ్లు తేల్చిన మాట. ఆకులు తడిగా ఉన్నప్పుడు మడుల్లో తిరిగితే మనుషులతో, పనిముట్లతో పాకుతుంది, వాన చినుకు ఎగజిమ్మితే పక్క మొక్కకి చేరుతుంది. అంటే "ఇది నీరసపు బూజే" అని ప్లేటు పక్కన పెట్టేసినవాడూ, "ఇదిగో దొంగ" అని తొందరపడినవాడూ ఇద్దరూ తప్పే చేస్తారు. ఆకులో దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదమ్మా. ఆంత్రాక్నోస్ అనే వేరే బూజు తెగులు చంపిన ఆకు మీద ఇది తరవాత వచ్చి కూచుని ఉండొచ్చు. బ్లూబెర్రీకి రస్టు (తుప్పు తెగులు) ఉంది, టార్గెట్ స్పాటు అనే మచ్చ తెగులు ఉంది, ఆ మచ్చల నడుమ నీ బూజు అద్దెకి దిగిందేమో!

అందుకే, ఫలానా క్రిమే ఫలానా జబ్బు తెస్తుందని రుజువు చేయడానికి రాబర్ట్ కాక్ చెప్పిన వరస దాటొద్దు. ముక్క కోసేది మచ్చ నడిమి నుంచి కాదు, పచ్చదనం మాడుతో కలిసే అంచు నుంచి. పైనున్న క్రిములు చావడానికి హైపోక్లోరైట్‌లో (బ్లీచు నీళ్లు) ముంచాక శుభ్రమైన నీళ్లలో కడుగు. ఒక్క కొనిడియం నుంచే కల్చరు పెంచు. ఆరోగ్యమైన మొక్కల మీద చల్లి, తేమ పోకుండా పాలిథీన్ కప్పు. కొన్ని ఆకులకి సూదితో గాటు పెట్టు, కొన్నిటికి పెట్టకు. ఈ వంశం గాయంలోంచి దూరడం ఎరిగినదే. గాయం లేని ఆకుని కూడా పట్టిందంటే అప్పుడు నేను కుర్చీలోంచి లేస్తాను. ఉత్త నీళ్లు చల్లిన మొక్కలు పక్కనే ఉండాలి, అదే పాలిథీన్ కింద. వాటికీ మచ్చలొస్తే నీ ప్రయోగం నీ మీదే తిరగబడ్డట్టు. చివర జబ్బుపడ్డ ఆకు నుంచి అదే బూజు మళ్లీ రావాలి. ఈ మెట్టు దగ్గరే మా విద్యార్థులు చాలామంది బద్ధకించేవాళ్లు.

ఇక పేరు. నియోపెస్టలోషియాప్సిస్ అనే ప్రజాతినే 2014లో పెస్టలోషియాప్సిస్ నుంచి విడదీశారు. మా చేతికొచ్చిన పాత పుస్తకాల్లో అసలు ఆ పేరే లేదు. డీఎన్ఏలో ఐటీఎస్ అనే ముక్క ఒక్కటీ చదివిస్తే ఈ ప్రజాతిలో జాతులు విడిపోవు. బీటా ట్యూబ్యులిన్, టెఫ్ అనే జన్యువులు కూడా చదివించి, మూడూ కలిపి వంశవృక్షం గీయండి. అందులో నీ బూజు ఇప్పటికే పేరున్న నియోపెస్టలోషియాప్సిస్ రోజే (rosae) అనే జాతి పక్కకి వెళ్తే, కొత్త జాతి అనే మాట ఇంకా కష్టం. కొత్త శిలీంధ్రం పేరు చెల్లాలంటే ఆ పేరుకి ఆధారంగా నిలిచే టైపు నమూనా దాచాలి, 2013 నుంచైతే రిజిస్ట్రేషన్ నంబరు కూడా తప్పనిసరి. మీ గైడు చెప్పే ఉంటారులే. ఎండబెట్టిన ఆకులు మాత్రం ఇప్పుడే కాగితంలో మడిచి, తోటా తేదీ రాసి పెట్టు. కల్చరు చచ్చిపోయిన రోజున అవే దిక్కు.

ఒక్క సలహా. ఆ కల్చరు స్ట్రాబెర్రీ ఆకుల మీద కూడా చల్లి చూడు, స్ట్రాబెర్రీ నుంచి తీసింది బ్లూబెర్రీ మీద చల్లు. రెండు పంటలూ పక్కపక్కన పెట్టుకున్న రైతుకి కావలసిన జవాబు అదే. జాతి పేరు ఏదైనా ఆయనకి ఒకటే.

పాలిథీన్ తీసిన రోజు ఫోటోలు పంపు. ముందు నీళ్లు చల్లిన మొక్కలవి.

అమ్మ