సెల్లార్‌లో పరుపులు, గేటుకు నోటీసు

సంపాదకులకు నమస్కారం.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండ్లు పెట్టుకోవాల్సిన చోట ఒకాయన ఫోమ్ పరుపుల గోదాము నడుపుతున్నాడు. మెట్ల దగ్గరున్న మంటలార్పే సిలిండర్‌కు ఒత్తిడి చూపే ముల్లు ఎప్పుడో ఎర్ర గీతలో పడింది, చీటీ మీద తేదీ చెరిగిపోయింది. ఫిర్యాదు చేస్తే తనిఖీ ఆఫీసు నుంచి ఒకతను వచ్చి ఫొటో తీసుకుని, గేటుకు నోటీసు అంటించి వెళ్లాడు. వానకు అదీ ఊడిపోయింది. పరుపులు మాత్రం ఇంకో వరస పెరిగాయి.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలంటుకుని 8 మంది పోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. అదే ఏడాది నవంబరులో బజార్‌ఘాట్‌లో కనీసం 9 మంది. అక్కడ అపార్ట్‌మెంట్ కిందే రసాయనాల డ్రమ్ములు. 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో 17 మంది. ఇలాంటి చోట్ల మంటకన్నా ముందు పొగే ప్రాణం తీస్తుంది.

ప్రతిసారీ నాలుగు రోజులు తనిఖీల హడావుడి, తర్వాత మామూలే. ‘అన్నీ చూస్తున్నాం’ అని అధికారులంటే ఎలా నమ్మాలి? తనిఖీ ఎప్పుడు చేశారు, ఏం లోపం దొరికింది, గడువు ఎంత ఇచ్చారు అన్నది గేటు దగ్గర రేకు బోర్డు మీద రాసి పెట్టమనండి. ‘ఈ భవనం పాస్ కాలేదు’ అని రాసినా సరే, ఆ ఆఫీసు మీద నాకు గురి కుదురుతుంది.

ఇల్లు మారదామంటుంది మా ఆవిడ. చూసిన మూడు అపార్ట్‌మెంట్లలోనూ సెల్లార్ ఖాళీగా లేదు.

– ఒక పాఠకుడు, చిక్కడపల్లి, హైదరాబాద్