ఎక్స్‌ఆర్‌డీ డేటా విద్యార్థి చేతికి పూర్తిగా అందాలి

సంపాదకులకు,

నమస్కారం. అంతర్జాతీయ పరిశోధనా పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల్లోని విద్యార్థులందరికీ అందాలని కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 2025 నుంచి అది అమల్లో ఉంది. ఇతరులు రాసిన పేపర్లు చదువుకోవడానికి ఇంత ఖర్చు పెట్టడం సంతోషించాల్సిన విషయమే. కానీ మన పిల్లలు సొంతంగా తయారుచేసిన శాంపిల్ తాలూకు డేటాను వాళ్లే తెరిచి చూసుకోలేకపోతున్నారు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

నేను చెబుతున్నది పౌడర్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గురించి. ల్యాబుల్లో అందరూ ఎక్స్‌ఆర్‌డీ అంటారు. పొడి చేసిన పదార్థం మీద ఎక్స్‌రేలు పడితే అవి ఏయే కోణాల్లో ఎంత తీవ్రతతో బయటికొస్తాయో కొలిచే పరీక్ష ఇది. ప్రతి స్ఫటిక పదార్థానికీ తనదైన పీకుల (గ్రాఫ్‌లో శిఖరాల్లా పైకి లేచే గీతల) వరుస ఉంటుంది కాబట్టి, ఆ వరుసను బట్టి పొడిలో ఏముందో గుర్తుపట్టవచ్చు. 1916లో జర్మనీలో డిబై, షెరర్ ఈ పద్ధతిని మొదలుపెట్టారు. సిమెంటు క్లింకర్‌లో ఏ ఖనిజం ఎంత శాతం ఉందో ఇలాగే లెక్కిస్తారు. హైదరాబాద్ మందుల కంపెనీలకైతే ఇది లేకుండా పని నడవదు. ఒకే మందు రెండు మూడు రకాల స్ఫటికాలుగా మారవచ్చు, వాటిలో కొన్ని సరిగా కరగవు. 1998లో రిటోనవిర్ అనే హెచ్ఐవీ మందుకు ఇలాగే అనుకోకుండా కొత్త స్ఫటిక రూపం వచ్చి, కాప్స్యూల్స్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అలాంటి మార్పును పసిగట్టే ముఖ్యమైన పరీక్షల్లో ఎక్స్‌ఆర్‌డీ ఒకటి.

ఇంత ముఖ్యమైన పరీక్ష మన దగ్గర ఎలా జరుగుతోంది? ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే అమ్మాయి శాంపిల్‌ను చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, ఎక్స్‌ఆర్‌డీ ఉన్న విశ్వవిద్యాలయానికి పంపి, ఫీజు కడుతుంది. కొన్నాళ్లకు ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో గ్రాఫ్ బొమ్మ, కింద పీకుల పట్టిక ఉంటాయి. అసలు ఫైల్ అడిగితే మెషిన్ కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్న ఫైల్ పంపుతారు. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఆ ల్యాబులోని ఒకే కంప్యూటర్‌కు, ఒకే డాంగిల్‌కు (లైసెన్సు కోసం కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరానికి) ముడిపడి ఉంటుంది. నా విద్యార్థులకు ఇది మామూలైపోయింది. ఇక మిగిలింది క్రాక్ చేసిన గ్రాఫ్ సాఫ్ట్‌వేర్. పెన్‌డ్రైవ్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది, దాంతోపాటు వైరస్ కూడా వెళ్తుంది. దొంగ సాఫ్ట్‌వేర్‌తో లెక్కలు వేసి, పేపర్లో దాని పేరు ధైర్యంగా ఎలా రాస్తారు? పాతికేళ్లు కూడా నిండని పిల్లలను ఈ పరిస్థితిలోకి మనమే నెడుతున్నాం.

బొమ్మ చూస్తే చాలు కదా అనుకునేవాళ్లకు ఒక మాట. మామూలు స్కేల్ మీద గీస్తే పెద్ద పీకు ఒక్కటే కంటికి కనిపిస్తుంది. శాంపిల్‌లో కొద్ది శాతం మలినం ఉంటే దాని పీకులు అడుగున గీతలో కలిసిపోతాయి. అదే డేటాను వర్గమూలం స్కేల్ మీదో లాగ్ స్కేల్ మీదో గీయండి, ఆ చిన్న పీకులు పైకి లేస్తాయి. కొందరు గ్రాఫ్ అందంగా ఉండాలని డేటాను స్మూత్ చేస్తారు, బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తారు. అలా చేశాక తర్వాత వచ్చేవాళ్లు సరిగా లెక్క కట్టే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే స్ఫటిక నిర్మాణం నుంచి మొత్తం గ్రాఫ్‌ను లెక్క కట్టి, కొలిచిన గ్రాఫ్‌తో సరిపోల్చే రీట్‌వెల్డ్ పద్ధతికి ఏ మార్పూ చేయని కొలతలే కావాలి. నానో కణాల సైజు సంగతీ ఇంతే. పీకు వెడల్పును బట్టి షెరర్ సూత్రంతో సైజు కడతారు. కానీ ఆ వెడల్పులో కొంత మెషిన్ వల్ల వచ్చేదే. బటన్ నొక్కితే వచ్చిన నానోమీటర్ల అంకెలో ఆ భాగాన్ని తీసేశారో లేదో చాలామంది విద్యార్థులకు తెలియదు, ఆ అంకె మాత్రం థీసిస్‌లోకి ఎక్కుతుంది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. డబ్బు మిగలడం ఒక్కటే కాదు, లోపల ఏ లెక్క జరిగిందో ఎవరైనా తెరిచి చదవవచ్చు. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల నుంచి వచ్చిన జీఎస్‌ఏఎస్-2 అనే ఎక్స్‌ఆర్‌డీ సాఫ్ట్‌వేర్ ఎక్కువ భాగం పైథాన్‌లో రాసినది, పాఠాలు కూడా ఉచితం. ప్రొఫెక్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ కొత్తవాళ్లకు ఇంకా తేలిక. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పెద్ద కంపెనీల ఫైళ్లను చాలావరకు నేరుగా తెరుస్తుంది. కొలిచిన గీత, లెక్క కట్టిన గీత, రెండింటి తేడా చూపే గీత, మూడూ ఒకే తెర మీద కనిపిస్తాయి. అడుగున ఆ తేడా గీత ఎక్కడ వంకరపోయిందో చూపిస్తే నా విద్యార్థులకు పాఠం వెంటనే అర్థమవుతుంది. పోల్చి చూడటానికి క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో 5 లక్షలకు పైగా స్ఫటిక నిర్మాణాలు ఎవరైనా తీసుకునేలా ఉన్నాయి. అసలు రీట్‌వెల్డ్ మహాశయుడే 1960ల్లో నెదర్లాండ్స్‌లో తను రాసిన ప్రోగ్రామ్‌ను అడిగిన సంస్థలకు పంపించాడు. ఈ రంగం అంత త్వరగా ఎదగడానికి అదొక పెద్ద కారణమని నా నమ్మకం.

కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను తీసి పారేయమని నేను అనడం లేదు. మందుల కంపెనీ నాణ్యత విభాగంలో ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో రికార్డు ఉండాలి, దానికి ధ్రువీకరించిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు తప్పదు. డబ్బు కట్టి లైసెన్సు తీసుకునే స్ఫటిక డేటాబేసుల వెనక కూడా నిపుణుల శ్రమ ఉంది. కానీ నేర్చుకునే పిల్లలకు, ప్రభుత్వ డబ్బుతో నడిచే పరిశోధనకు అదొక్కటే దారి కాకూడదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఐఐటీ బాంబేలోని ఫాస్సీ ప్రాజెక్టు కాలేజీల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ నేర్పించే పని చాలాకాలంగా చేస్తోంది. మన ఎక్స్‌ఆర్‌డీ ల్యాబుల దగ్గరికి వచ్చేసరికి ఆ స్ఫూర్తి ఎందుకు ఆగిపోవాలి?

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లనూ, వైస్ ఛాన్సలర్లనూ కోరేది ఇది. ఫీజు తీసుకున్న ప్రతి శాంపిల్‌కూ పీడీఎఫ్‌తోపాటు కోణం, తీవ్రత అంకెలున్న మామూలు టెక్స్ట్ ఫైల్ కూడా ఇవ్వాలి. ఆపరేటర్‌కు అది నిమిషం పని. ఏ తరంగదైర్ఘ్యం వాడారో, ఒక్కో కొలతకు కోణం ఎంతెంత పెంచారో, ఎంతసేపు కొలిచారో అందులో రాయాలి. పీహెచ్‌డీ థీసిస్, దేశంలోని థీసిస్‌లను అందరికీ అందుబాటులో ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్లేటప్పుడు ఈ ఫైళ్లు కూడా జత కావాలి. ఇప్పుడు అక్కడ బొమ్మలే ఉన్నాయి, ఎవరైనా సరిచూడాలంటే బొమ్మ మీద చుక్కలు పెట్టి అంకెలు లాగాల్సిందే. కొత్త మెషిన్ కొనే టెండర్‌లోనే, డేటా అందరూ చదవగల ఫార్మాట్‌లో బయటికి రావాలనే షరతు ఉండాలి. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, జియాలజీ ప్రాక్టికల్స్‌లో ప్రొఫెక్స్ లాంటి ఒక్క సాఫ్ట్‌వేర్‌నైనా చేర్చాలి. వేసవి సెలవుల్లో అధ్యాపకులకు శిక్షణ పెడితే, జిల్లాల్లో ఇప్పటికే వీటిని వాడుతున్న మాలాంటివాళ్లం వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర అధ్యాపకురాలు,
కర్నూలు