ఇంటిపేరు లేని చిట్టా

డర్బన్

పూజ్యులైన పెదనాన్న గారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. మీరు, పెద్దమ్మ, చిన్న మామ్మ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మీ ముత్తాతగారి అన్నగారు అప్పలస్వామి గారు విరోధి నామ సంవత్సరంలో మద్రాసు వెళ్లి ఇక్కడికి వచ్చే ఓడ ఎక్కారనీ, మళ్లీ తిరిగి రాలేదనీ నా చిన్నప్పుడు మీరు చెప్పిన మాట నాకు బాగా గుర్తు. ఉద్యోగం నన్ను ఈ ఊరికే తీసుకువచ్చాక కూడా ఆయన జాడ వెతకకపోవడం తప్పని తోచి, మూడు నెలలుగా వీలు దొరికినప్పుడల్లా ఆ పని మీదే ఉంటున్నాను.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి ఇక్కడికి చేరింది. అప్పటి నుంచి 1911 వరకు ఐదేళ్ల ఒప్పందం మీద, దక్షిణాఫ్రికాలో ఈ డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకూ ఇతర పనులకూ వచ్చినవారు 1,52,184 మంది. పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు, ఎత్తు కూడా చిట్టాలో రాసుకున్నారు. ఆ చిట్టాల ప్రతులు ఈ ఊరి పక్కనే ఉన్న వెస్ట్‌విల్‌లోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉన్నాయి.

పేరొక్కటే పట్టుకుని వెతకడం నేను చేసిన మొదటి పొరపాటు. సింహాద్రి అప్పన్నను కొలిచే మన ప్రాంతంలో అప్పలస్వాములకు కొదవేముంది? పైగా మనవాళ్లు నోటితో చెప్పినదాన్ని గుమాస్తా తనకు వినిపించినట్లుగా ఇంగ్లీషులో రాసుకోవడం వల్ల ఒకే పేరు నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. ఊరి విషయంలోనూ అంతే. శ్రీకాకుళమని ఎంత వెతికినా దొరకలేదు. అప్పటి కాగితాల్లో అది చికాకోల్, ఉన్నది గంజాం జిల్లాలో. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో గానీ సొంత జిల్లా కాలేదు. అందుచేత ఒక మనిషిని వెతికేముందు ఆయన కాలంలో ఆయన ఊరిని ఏమని పిలిచేవారో, అది ఏ తాలూకా కిందికి వచ్చేదో తెలుసుకోవాలని నాకు అర్థమైంది.

మీరు చెప్పిన సంవత్సరం పేరు మాత్రం ఎంతో మేలు చేసింది. విరోధి అరవై ఏళ్లకొకసారి వస్తుంది కాబట్టి అది 1829 కావచ్చు, 1889 కావచ్చు, 1949 కావచ్చు. నాటాల్‌కు ఓడలు నడిచిన కాలంలో పడేది 1889 ఉగాది నుంచి 1890 ఉగాది వరకే. గంజాం జిల్లాలో కరువు వచ్చిందీ 1889లోనే. ఆ ఏడాది చిట్టాల్లో చికాకోల్ వైపు నుంచి వచ్చి, వయస్సు కూడా సరిపోయే అప్పలస్వాములు ఇద్దరు కనిపించారు. ఇద్దరికీ తండ్రి పేర్లు వేరు. ఇంటిపేరు రాసే గడి చిట్టాలో లేనే లేదు. ఇక్కడి తెలుగువారిలో చాలామందికి నాయుడు, రెడ్డి వంటి మాటలే ఇంటిపేర్లయ్యాయి. కొందరికైతే ఓడ దిగిన ముత్తాత పేరే ఇంటిపేరయింది. నేను తెలుగుదాన్నని తెలిసి, తమ అసలు ఇంటిపేరు ఏమై ఉంటుందని ఆశగా అడిగిన పెద్దవారికి జవాబు చెప్పలేక చాలా బాధపడ్డాను.

కనుక ఇక మీ సాయం కావాలి. మీ ముత్తాతగారి తండ్రి పేరేమిటో నాకు తెలియాలి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారాన్ని బట్టి చూస్తే మీ తాతగారి పేరే ఆయనది కూడా అయి ఉండవచ్చు, కానీ అది ఊహే తప్ప ఆధారం కాదు. పాత పెట్టెలోని దస్తావేజుల్లో ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు ఉంటుంది. వాటిని కదిపితే చిరుగుతాయేమో, ఉన్నచోటనే ఫోటోలు తీయించండి. పెళ్లి ప్రవర కోసం రాసి ఉంచిన మూడు తరాల పేర్ల కాగితాలు ఉంటే వాటిని కూడా చూడండి. మన ఇంటికి వచ్చిన కోడళ్ల పుట్టింటి ఇంటిపేర్లు, ఊర్లు కూడా రాయించండి. వాటిని ఎక్కడా రాసి పెట్టలేదు, మామ్మ తరం దాటితే చెప్పేవారుండరు.

మామ్మను ఒక మధ్యాహ్నం తీరికగా కూర్చోబెట్టి, ఆవిడ చెప్పినది చెప్పినట్లుగా, తేదీ వేసి, ఆ మాట తను ఎవరి నోట విన్నదో కూడా రాయండి. మీరు విన్నదానికి తేడాగా చెబితే సరిదిద్దకండి, రెండూ వేర్వేరుగా రాయండి. చిట్టాలో దొరికిన ఆ రెండు తండ్రి పేర్లనూ ఈ ఉత్తరంలో కావాలనే రాయలేదు. పేరు మనమే ముందు అందిస్తే, ఆవిడ మన మీది ప్రేమ కొద్దీ అవునని అనవచ్చు. ఏ పేరూ అందించకుండా అడిగి, ఆవిడ నోట వచ్చిన పేరు నాకు రాయండి.

ఇట్లు,
మీ అమ్మాయి