గ్రిప్‌ల గోడ తీసేస్తున్నాం

నమస్తే. ఈ మధ్య మన గన్ షాపుకి వచ్చినవాళ్ళు ఎడమవైపు గోడ సగం ఖాళీగా ఉండటం చూసి "ఏంటండీ, మూసేస్తున్నారా?" అని అడుగుతున్నారు. మూయడం లేదు. సిగ్ కంపెనీ పీ320 పిస్టల్‌కి వేసే గ్రిప్‌లు, అంటే చేత్తో పట్టుకునే పిడి భాగాలు, తగిలించిన గోడ అది, దాన్ని మాత్రం తీసేస్తున్నాం. కారణం డబ్బే.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. మామూలు పిస్టల్‌లో సీరియల్ నంబర్ ఫ్రేమ్ మీద, అంటే పిడితో కలిసి ఉండే కింది భాగం మీద ఉంటుంది, అమెరికా చట్టం దృష్టిలో ఆ ఫ్రేమే తుపాకీ. పీ320లో ట్రిగ్గర్ భాగాలన్నీ ఉన్న చిన్న స్టీలు చట్రం విడిగా బయటికొస్తుంది, నంబర్ దాని మీదే. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రిప్, స్లయిడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం), బ్యారెల్ (గొట్టం) ఉత్త విడిభాగాలు. తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారం, కొనేవాళ్ళ మీద జరిగే బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఒక్కసారి అయితే చాలు, అదే చట్రాన్ని చిన్న పిస్టల్‌లోనూ పెద్దదానిలోనూ వాడుకోవచ్చు.

2007లో వచ్చిన సిగ్ పీ250 పిస్టల్‌లోనూ ఇదే ఆలోచన, కానీ అంతగా ఆడలేదు. పీ320 వచ్చింది 2014లో. 2017 జనవరిలో అమెరికా ఆర్మీ తాను 1985 నుంచి వాడుతున్న బెరెటా ఎం9 పిస్టల్ స్థానంలో దీన్ని ఎంచుకుని, 58 కోట్ల డాలర్ల దాకా వెళ్ళగల కాంట్రాక్టు ఇచ్చింది. అది చూసి నేనూ గ్రిప్‌లు పెట్టెలకొద్దీ తెప్పించాను. పిస్టల్ మీద మనకి మిగిలేది తక్కువ, విడిభాగాల మీద నయం. అసలు కన్నా వడ్డీ ముద్దు కదా!

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆన్‌లైన్ షాపులో కొన్నా పిస్టల్ లైసెన్సున్న షాపు నుంచే చేతికి రావాలి. గ్రిప్ తపాలాలో నేరుగా ఇంటికొస్తుంది. అంటే కాగితాల పని నాది, వడ్డీ ఆన్‌లైన్ వాళ్ళది. నా కౌంటర్ దగ్గర మూడు సైజులూ పట్టి చూసి, నా ముందే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టినవాళ్ళున్నారు. కోపం లేదు, నేనైనా అదే చేసేవాణ్ణేమో.

పైగా సరుకు చిక్కు. సబ్‌కాంపాక్ట్, కాంపాక్ట్, క్యారీ, ఫుల్ అని నాలుగు రకాలు. ఒక్కోదానికి స్మాల్, మీడియం, లార్జ్. సేఫ్టీ మీటకి గాడి ఉన్నది, లేనిది. అప్పటికే లెక్క 24, రంగులు ఇంకా మొదలే పెట్టలేదు. జనం అడిగేది ఎప్పుడూ షాపులో లేని రకమే!

ఇన్నేళ్ళు చూశాక నాకు తెలిసిందేమిటంటే, మార్చుకునే సౌకర్యం చాలామంది ఒక్కసారే వాడతారు. చేతికి అమరిన గ్రిప్ దొరికాక ఇక విప్పరు. చిన్న చేతులున్నవాళ్ళకి అదే గొప్ప మేలు, ఆ మాట మీద నాకు అనుమానం లేదు. కానీ స్లయిడ్, బ్యారెల్ సెట్టు ధర ఇంచుమించు ఇంకో పిస్టల్ దాకా పోతుంది, అందుకని రెండో పిస్టలే కొంటారు. తయారీదారుకి రెండు విధాలా లాభమే. 2023లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఎషెలాన్, ఆ తర్వాత రూగర్ ఆర్‌ఎక్స్‌ఎం అనే వేరే కంపెనీల పిస్టళ్ళు కూడా ఈ దారిలోనే వచ్చాయి. వీటి గ్రిప్‌లు పీ320కి పట్టవు. ఇంకో రెండు గోడలు కట్టే ఓపిక నాకు లేదు.

ఇకనుంచి చేత్తో పట్టి చూడటానికి ఒక్కో సైజు ఒక్కటి కౌంటర్ వెనక ఉంటుంది. కావలసింది సగం అడ్వాన్సు మీద తెప్పిస్తాం. గోడ మీద మిగిలినవి కొన్న ధరకే ఇచ్చేస్తున్నాం. బయట కొన్న గ్రిప్ బిగించడానికి ఇకపై కొంచెం రుసుము ఉంటుంది, ఇక్కడ కొంటే ఉండదు.

పాత పీ320 సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఒక మాట. కింద పడ్డప్పుడు పేలే ప్రమాదం బయటపడ్డాక 2017 ఆగస్టులో కంపెనీ ఉచితంగా మార్పులు చేసిచ్చే ఏర్పాటు పెట్టింది. కొత్త గ్రిప్ వేసినంత మాత్రాన ఆ మార్పు జరిగినట్టు కాదు. అనుమానం ఉంటే తూటాలన్నీ తీసేసి, కేసులో పెట్టి తీసుకురండి, చూసి చెబుతాం. దానికి డబ్బులు తీసుకోను.